అన్ని లైట్లూ పచ్చగానే ఉన్నాయి, కానీ బెల్ వినపడలేదు: పండుగ సెలవుల్లో ఓల్డేజ్ హోమ్‌ల ఐటీ డ్యూటీ



మాది రాంనగర్. రాత్రి రెండింటికి మా గల్లీలో ఒక్క మేడ మీది గదిలోనే లైటు వెలుగుతుంటుంది. అది నాదే. పక్కింటి ఆంటీ మా అమ్మను చాలా రోజులు అడిగింది, "మీవోడు రాత్రంతా మేల్కొనే ఉంటడు, గ్రూప్స్‌కి చదువుతుండా?" అని. అశోక్‌నగర్ పక్కనే కదా. ఇక్కడ రాత్రి లైటు కనిపిస్తే గ్రూప్స్ ప్రిపరేషనే అనుకుంటారు.

నేను చదవట్లేదండీ, కాపలా కాస్తున్నాను. ఆస్ట్రేలియాలో ఉన్న కొన్ని ఓల్డేజ్ హోమ్‌ల కంప్యూటర్లు, నెట్‌వర్క్‌లు సరిగ్గా పనిచేస్తున్నాయా లేదా అని ఇక్కడ కూర్చుని చూడటం నా ఉద్యోగం. దీన్ని రిమోట్ మానిటరింగ్ అంటారు. పండుగ సెలవుల్లో ఈ పని ఎలా ఉంటుంది, అందులో నేను చేసిన ఒక తప్పు ఏంటి, మీ ఇంట్లో పెద్దవాళ్లకు దానితో సంబంధం ఏంటి అనేది ఈ ఎపిసోడ్.

ముందు బేసిక్స్ చెప్తాను.

ఓల్డేజ్ హోమ్‌కి ఐటీతో ఏం పని అని మీకు అనిపించొచ్చు. ఒక చిన్న ఊళ్లో అరవై మంచాల హోమ్ ఉందనుకోండి. ప్రతి మంచం పక్కన ఒక బటన్ ఉంటుంది. పెద్దావిడకు బాత్రూమ్‌కి వెళ్లాలన్నా, ఛాతీలో నొప్పి అన్నా ఆ బటన్ నొక్కుతుంది. గది తలుపు పైన లైటు వెలుగుతుంది. అదే టైమ్‌లో ఆ మెసేజ్ ఒక సర్వర్‌కి వెళ్లి, అక్కడి నుంచి నర్సు జేబులో ఉన్న ఫోన్‌కి వస్తుంది. ఇక ఎవరికి ఏ మందు ఎన్ని గంటలకు ఇవ్వాలన్నది ట్యాబ్‌లో ఉంటుంది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు రోడ్డు మీదకి వెళ్లిపోకుండా తలుపులకు కోడ్ లాక్‌లు ఉంటాయి. ఫోన్లు ఇంటర్నెట్ మీదే నడుస్తాయి. అంటే వైఫై పోతే అక్కడ ఆగిపోయేది సినిమా కాదు. ఒకరి బీపీ మాత్ర ఆగిపోవచ్చు.

ఆస్ట్రేలియాలో 2023 జూలై 1 నుంచి ఇలాంటి హోమ్‌లలో 24 గంటలూ ఒక రిజిస్టర్డ్ నర్సు ఉండాలని రూల్ పెట్టారు. మంచి రూల్. కానీ పండుగ పూట, అర్ధరాత్రి పూట ఐటీ మనిషి ఆ బిల్డింగులో ఉండడు. ఆ ఖాళీలోకే మాలాంటి వాళ్లం వస్తాం.

మేం ఎలా చూస్తాం? అక్కడి ప్రతి సర్వర్‌లో, కంప్యూటర్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. దాన్ని ఏజెంట్ అంటాం. అది కొన్ని నిమిషాలకోసారి "నేను బతికే ఉన్నా, నా డిస్క్ ఇంత నిండింది, నా మెమరీ ఇంత వాడుతున్నా" అని మాకు చెప్తుంటుంది. బాగుంటే నా స్క్రీన్ మీద పచ్చ చుక్క, తేడా వస్తే పసుపు, ఆగిపోతే ఎరుపు. ఎరుపు వస్తే ఒక టికెట్ తయారవుతుంది. నేను దూరం నుంచి సరిచేయగలిగితే చేస్తాను, లేదంటే ఆన్‌కాల్ లిస్టు తీసి అక్కడి ఇంజినీర్‌కి ఫోన్ కొడతాను. అంతే సిస్టమ్.

టైమ్ లెక్క కూడా చెప్పాలి. డిసెంబర్‌లో సిడ్నీ మనకంటే ఐదున్నర గంటలు ముందు ఉంటుంది. అక్కడ పొద్దున ఏడున్నర అంటే ఇక్కడ రాత్రి రెండు. క్రిస్మస్ మర్నాడు, డిసెంబర్ 26 వాళ్లకు బాక్సింగ్ డే, అది కూడా సెలవే. మనకు మాత్రం మామూలు రోజు. వాళ్ల సెలవుల్లో మనం పని చేస్తాం, మన సంక్రాంతికి వాళ్లు పని చేస్తారు. సరిగ్గా సరిపోయింది కదా అనుకుంటారు. కానీ జనవరి 26 చూడండి. మనకు రిపబ్లిక్ డే, వాళ్లకు ఆస్ట్రేలియా డే. రెండు పక్కలా సెలవే. ఏటా ఆ రోజు రోస్టర్ వేసేటప్పుడు మా టీమ్ లీడర్ ముఖం చూడాలి మీరు.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వస్తా.

ఒక ఏడాది క్రిస్మస్ రాత్రి. మనకు 25 దాటి 26 వచ్చింది, టైమ్ రెండు అవుతోంది. అమ్మ పెట్టిన ఫ్లాస్క్‌లో చాయ్ అయిపోయింది. స్క్రీన్ మీద అన్నీ పచ్చ చుక్కలే. ఇంత ప్రశాంతమైన షిఫ్ట్ ఆ నెలలో లేదు.

నాకో అలవాటు ఉంది. పని లేనప్పుడు గ్రాఫ్‌లు చూస్తుంటాను. ఒక హోమ్‌లో ఎన్ని బెల్ మెసేజ్‌లు వెళ్తున్నాయో చూపించే గ్రాఫ్ ఒకటి ఉంది. పొద్దున ఏడు నుంచి ఎనిమిది వరకు అది ఎప్పుడూ పైకి లేస్తుంది. అందరూ నిద్ర లేచే టైమ్, అందరికీ సాయం కావాలి. ఆ రోజు ఆ గీత నేల మీద పడుకుని ఉంది. సున్నా.

నాతో షిఫ్ట్‌లో ఉన్న అన్నకు మెసేజ్ పెట్టాను. "పండుగ కదా తమ్ముడూ, సగం మంది కొడుకుల ఇళ్లకు, బిడ్డల ఇళ్లకు పోయుంటరు" అన్నాడు. నిజమే అనిపించింది. ఆ మాట విని నేను ఇంకో ఐదు నిమిషాలు అలాగే కూర్చున్నా. ఆ ఐదు నిమిషాలు ఇప్పటికీ గుర్తొస్తుంటాయి.

తర్వాత ఎందుకో లెక్క కుదర్లేదు. సగం మంది వెళ్తే గ్రాఫ్ సగం అవ్వాలి, సున్నా ఎందుకు అవుతుంది? ఫోన్ చేశాను. చాలాసేపు రింగ్ అయ్యాక నర్సు ఎత్తింది. "ఫోన్లు ఈ రోజు చాలా సైలెంట్‌గా ఉన్నాయి, క్రిస్మస్ తర్వాత అందరూ బాగా నిద్రపోతున్నారేమో అనుకున్నాం" అంది. ఒక్కసారి కారిడార్‌లోకి వెళ్లి తలుపుల పైన లైట్లు చూడమన్నాను. లైన్‌లో ఆమె అడుగుల చప్పుడు వినిపించింది, తర్వాత ఆగిపోయింది. మూడు గదుల పైన లైట్లు వెలుగుతున్నాయి.

ఒక గదిలో ఒక పెద్దావిడ మంచం అంచున కూర్చుని ఉందట. బాత్రూమ్‌కి వెళ్లాలని బటన్ నొక్కి దాదాపు నలభై నిమిషాలు ఎదురు చూసింది. ఎవరూ రాకపోయేసరికి ఒంటరిగా లేవబోతోంది. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరగొచ్చు, విరిగితే మళ్లీ నడవలేని పరిస్థితి రావొచ్చు. అదృష్టం కొద్దీ నర్సు టైమ్‌కి వెళ్లింది. ఏమీ కాలేదు. కానీ నా పుణ్యమా అని కాదు. ఎందుకో చెప్తాను.

సర్వర్ ఆన్‌లోనే ఉంది. అందుకే చుక్క పచ్చగా ఉంది. కానీ సర్వర్ నుంచి నర్సు ఫోన్‌కి మెసేజ్ పంపే ప్రోగ్రామ్ ఒకటి ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయింది? డిస్క్ నిండిపోయింది. ఎందుకు నిండింది? పాత లాగ్ ఫైళ్లను ప్రతి శుక్రవారం అక్కడి టెక్నీషియన్ ఒకాయన చేత్తో తీసేసేవాడట. అది ఏ డాక్యుమెంట్‌లోనూ లేదు. ఆ శుక్రవారం ఆయన సెలవులో ఉన్నాడు.

మరి డిస్క్ నిండుతుంటే పసుపు అలర్ట్ రావాలి కదా? వచ్చింది. ప్రతి గురువారం వచ్చేది, శుక్రవారం దానంతట అదే పోయేది. వారం వారం చూసి చూసి మాకు అలవాటైపోయింది. సెలవుల ముందు "పనికిరాని అలర్ట్‌లన్నీ మ్యూట్ చేయండి" అని పైనుంచి చెప్తే, ఆ అలర్ట్‌ని కూడా మ్యూట్ చేశారు.

ఆ మ్యూట్ నొక్కింది నేనే.

తర్వాత ఆన్‌కాల్ లిస్టు తీశాను. మొదటి నంబర్ అతను క్యాంపింగ్‌కి వెళ్లాడు, సిగ్నల్ లేదు. రెండో నంబర్ అతను నవంబర్‌లోనే ఉద్యోగం మానేశాడు. మూడో నంబర్ ఎత్తింది. ఎత్తినా వెంటనే ముట్టుకోవడానికి లేదు. సెలవుల్లో ఎవరూ ఏ మార్పూ చేయకూడదని ఫ్రీజ్ పెడతారు. మంచి పద్ధతే, కానీ మెయిల్‌లో అనుమతి ఇచ్చే మేనేజర్ కూడా సెలవులోనే ఉన్నాడు. అంతా అయ్యేసరికి మనకు మూడున్నర దాటింది. ఈలోగా అక్కడ నర్సు, ఇంకో ఇద్దరు సిబ్బంది కాగితం మీద గది నంబర్లు రాసుకుని, పావుగంటకోసారి ప్రతి గదికీ తిరిగారు. ఆ పొద్దున పనిచేసిన సిస్టమ్ అదొక్కటే.

ఇది చిన్న కథ. ఇప్పుడు పెద్ద కథలు చూద్దాం, ఇవి అందరికీ తెలిసినవే.

2019 నవంబర్ 17, ఆదివారం తెల్లవారుజాము. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, మిల్వాకీలో వర్చువల్ కేర్ ప్రొవైడర్ అనే కంపెనీ ఉంది. నర్సింగ్ హోమ్‌లకు సర్వర్లు, బ్యాకప్‌లు, సెక్యూరిటీ అన్నీ దూరం నుంచి చూసుకునే కంపెనీ. అంటే మా పనే, చాలా పెద్ద స్థాయిలో. ఆ రాత్రి దాని మీద ర్యూక్ అనే ర్యాన్సమ్‌వేర్ పడింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమంటారు కదా, అదే. అడిగింది సుమారు 1.4 కోట్ల డాలర్లు. దాదాపు 110 నర్సింగ్ హోమ్ సంస్థలకు తమ దగ్గరున్న పేషెంట్ల రికార్డులు అందకుండా పోయాయి. మందులు ఆర్డర్ చేయడం, బిల్లులు, జీతాలు అన్నీ ఇరుక్కున్నాయి. థ్యాంక్స్‌గివింగ్ పండుగకు ఇంకా పదకొండు రోజులే ఉంది. దొంగలు లోపలికి దూరింది ఆ రోజు కాదు, దానికి ఏడాదికి పైగా ముందేనని తర్వాత పరిశోధకులు చెప్పారు. లోపలే ఉండి, టైమ్ చూసి దెబ్బ కొట్టారు.

రెండోది 2021 జూలై 2, శుక్రవారం. అమెరికా స్వాతంత్ర్య దినం జూలై 4 కాబట్టి ఆ వారాంతం అందరూ సెలవు మూడ్‌లో ఉన్నారు. కసేయా అనే కంపెనీ తయారుచేసే సాఫ్ట్‌వేర్ మీద దాడి జరిగింది. ఆ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో తెలుసా? రిమోట్ మానిటరింగ్! నాలాంటి వాళ్లు వాడే పనిముట్టే. కాపలావాడి చేతిలోని తాళాల గుత్తే దొంగకు దొరికినట్టు. దాని ద్వారా 1,500 వరకు వ్యాపారాలకు ర్యాన్సమ్‌వేర్ పాకింది. స్వీడన్‌లో కూప్ అనే సూపర్‌మార్కెట్ల బిల్లింగ్ కౌంటర్లు ఆగిపోయి, సుమారు 800 షాపులు మూసేశారు. అందరికీ కలిపి ఒకేసారి తాళం తీయడానికి 7 కోట్ల డాలర్లు అడిగారు.

ఇవన్నీ చూసి 2021 ఆగస్టు 31న అమెరికాలో ఎఫ్‌బీఐ, సైబర్ సెక్యూరిటీ ఏజెన్సీ సీసా కలిసి ఒక హెచ్చరిక ఇచ్చాయి. సెలవులప్పుడు, వారాంతాల్లో, ఆఫీసులు మూసి ఉన్నప్పుడు పెద్ద దాడులు జరగడం కనిపిస్తోంది, జాగ్రత్తగా ఉండండి అని.

మూడోది మన పక్క దేశంలోనే. 2016 ఫిబ్రవరి 4, గురువారం రాత్రి బంగ్లాదేశ్ బ్యాంక్. అక్కడ వారాంతం శుక్ర, శనివారాలు. న్యూయార్క్‌లో శని, ఆదివారాలు. డబ్బు పంపింది ఫిలిప్పీన్స్‌కి, అక్కడ సోమవారం ఫిబ్రవరి 8 చైనీస్ న్యూ ఇయర్ సెలవు. మూడు దేశాల సెలవులను ఒకదానికొకటి కలిపి కుట్టేశారు. 95 కోట్ల డాలర్లకు గురిపెట్టి, 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్ చేర్చగలిగారు. ఇందులో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక ప్రింటర్. ట్రాన్స్‌ఫర్‌ల వివరాలు ప్రింట్ చేసే ప్రింటర్ ఆ శుక్రవారం పొద్దున పనిచేయలేదు. ప్రింటర్లు మొరాయించడం మామూలే కదా అని సిబ్బంది పెద్దగా పట్టించుకోలేదు.

"పండుగ కదా తమ్ముడూ" అన్న మాటకూ ఆ ప్రింటర్‌కూ తేడా ఏముంది చెప్పండి? సెలవు రోజున మెషీన్లు ఎక్కువ చెడిపోతాయని కాదు. తేడాను గుర్తుపట్టే మనుషులు తగ్గిపోతారు. పైగా ఏ తేడా వచ్చినా "సెలవు కదా" అనే కారణం మన నోట్లో రెడీగా ఉంటుంది. సైలెన్స్‌ని మనం శుభవార్త అనుకుంటాం.

ఆ రాత్రి తర్వాత మా టీమ్‌లో కొన్ని మార్చుకున్నాం. మీరు ఐటీలో ఉన్నా, ఐటీలోకి రావాలనుకుంటున్నా పనికొస్తాయి.

ఒకటి. మెషీన్ బతికి ఉందా అని మాత్రమే చూడం, పని జరుగుతోందా అని చూస్తాం. ఒక ఖాళీ గదిలో టెస్ట్ బటన్ పెట్టించాం. రోజూ ప్రతి షిఫ్ట్‌లో ఎవరో ఒకరు దాన్ని నొక్కాలి, నర్సు ఫోన్ మోగాలి, మాకు లెక్క రావాలి. రాకపోతే ఎరుపు. అంటే చెడ్డ వార్త వచ్చినప్పుడు కాకుండా, మంచి వార్త రానప్పుడు అలారం మోగుతుంది.

రెండు. మ్యూట్‌కి గడువు ఉండాలి. ఎవరు, ఎందుకు, ఎప్పటివరకు మ్యూట్ చేశారో రాయకపోతే బటన్ పనిచేయదు. అలర్ట్ దానంతట అదే పోతోందంటే, దాన్ని ఎవరో పోగొడుతున్నారని అర్థం. ఆ మనిషి ఎవరో ముందు కనుక్కోవాలి.

మూడు. సెలవులకు వారం ముందు ఆన్‌కాల్ లిస్టులో ఉన్న ప్రతి నంబర్‌కీ నిజంగా ఫోన్ చేస్తాం. ఎత్తని నంబర్ లిస్టులో ఉండదు. ఫ్రీజ్ టైమ్‌లో అర్జెంట్ పనికి "సరే చేయి" అని చెప్పే అధికారం ఎవరిదో పేరుతో సహా రాస్తాం.

నాలుగు. మేం వాడే పనిముట్టుకు కూడా తాళం గట్టిగా ఉండాలి. కసేయా నేర్పిన పాఠం అది. పాస్‌వర్డ్‌తో పాటు రెండో ధ్రువీకరణ, అవసరమైనంత మేరకే అనుమతులు, టైమ్‌కి అప్‌డేట్లు.

ఐదు. కాగితం. ప్రతి హోమ్‌లో మందుల చార్టు ప్రింట్ కాపీ, గదుల లిస్టు, ఒక పెన్ను. నవ్వకండి, ఆ పొద్దున ఆ పెద్దావిడను కాపాడింది కాగితమే, కాళ్లే.

ఇప్పుడు మీ ఇంటి సంగతి.

మీలో చాలామంది ఊళ్లో అమ్మానాన్నల్ని వదిలేసి ఇక్కడ హాస్టల్లో ఉంటారు. లేదా మీరు బయట దేశంలో ఉండి, అమ్మానాన్న చిక్కడపల్లిలోనో నారాయణగూడలోనో ఒక ఫ్లాట్‌లో ఉంటారు. మీరు వాళ్లని ఎలా మానిటర్ చేస్తున్నారు? వాట్సాప్‌లో లాస్ట్ సీన్ చూసి. "పొద్దున ఆరున్నరకి ఆన్‌లైన్‌లో ఉంది, అంటే బాగానే ఉంది." అది నా పచ్చ చుక్క లాంటిదే. ఫోన్ ఆన్‌లో ఉందని తెలుస్తుంది. షుగర్ మాత్ర వేసుకుందో లేదో, నిన్న మెట్ల మీద కాలు జారిందో లేదో తెలియదు. గుడ్ మార్నింగ్ పువ్వు ఫోటో ఫార్వర్డ్ అయిందంటే ఆరోగ్యం బాగున్నట్టు కాదు.

నేనేం చేస్తున్నానో చెప్తా. మా అమ్మమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటుంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి ఆమే నాకు ఫోన్ చేయాలి. ఎనిమిదిన్నర వరకు రాకపోతే నేను చేస్తా. ఎత్తకపోతే పక్కింటి పెద్దమ్మకు చేస్తా, ఆమె దగ్గర ఇంటి తాళంచెవి ఉంది. సంక్రాంతికి ఆ పెద్దమ్మ కూతురింటికి వెళ్తుంది. అందుకే పండుగకు ముందే రెండో మనిషిని అనుకుని పెట్టుకుంటాం, ఎదురింటి కిరాణా షాపాయన. చూశారా, ఆన్‌కాల్ లిస్టే ఇది. సెలవుల్లో ఎవరు ఉండరో ముందే కనుక్కోవడం, అంతే.

రెండు నంబర్లు కూడా సేవ్ చేసి పెట్టండి. పెద్దవాళ్ల కోసం ఎల్డర్ లైన్ 14567. 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని సంస్థ కలిసి మన హైదరాబాద్‌లోనే దీన్ని మొదలుపెట్టాయి, తర్వాత దేశమంతటికీ వెళ్లింది. పెన్షన్ సమాచారం, లీగల్ సలహా, ఆసరా లేని పెద్దవాళ్లకు సాయం, ఒంటరిగా ఉన్నప్పుడు మాట్లాడే మనిషి, ఇలాంటి వాటికి. ఇది పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకే. అర్ధరాత్రి ఎమర్జెన్సీ అయితే 108. అది కూడా 2005 ఆగస్టు 15న, మన హైదరాబాద్‌లోనే మొదలైంది. సెలవు రోజునే పుట్టిన సర్వీస్ అది!

చివరగా ఒక మాట. ఆ నర్సు మర్నాడు మా టీమ్‌కి థ్యాంక్స్ చెప్తూ మెయిల్ పెట్టింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను టీమ్ లీడర్‌కి ఫోన్ చేసి, "అన్నా, ఆ అలర్ట్ మ్యూట్ చేసింది నేనే" అని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "రిపోర్ట్‌లో రాయి, ఇంకెవరూ మ్యూట్ చేయకుండా" అన్నాడు. రాశాను. ఇవాళ మీకూ చెప్పాను.

ఈ సంక్రాంతికి ఊరెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు. వెళ్లలేని వాళ్లు లాస్ట్ సీన్ చూసి ఫోన్ పక్కన పెట్టేయకండి. కాల్ చేసి, "మాత్ర వేసుకున్నావా, ఆ ఖాళీ స్ట్రిప్ ఒకసారి వీడియోలో చూపించు" అని అడగండి. తిడతారు. పర్లేదు, తిట్టారంటే బాగున్నట్టే.

ఇవాళ్టికి ఇంతే. నాకు షిఫ్ట్ టైమ్ అవుతోంది, అమ్మ చాయ్ ఫ్లాస్క్ పెట్టేసింది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.